ఆట రాదా, మద్దెల ఓడా?

2018 సెప్టెంబరు 10, సోమవారం రాత్రి, డెట్రాయిట్ ఫోర్డ్ ఫీల్డ్. న్యూయార్క్ జెట్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) సామ్ డార్నాల్డ్‌కి అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అదే మొట్టమొదటి ఆట. వయసు 21 ఏళ్ల మూడు నెలలు. బంతి చేతికి రాగానే కుడివైపుకి పరుగు తీశాడు. ఆ పరుగులోనే వెనక్కి తిరిగి, మైదానానికి అడ్డంగా, ఎడమవైపు ఉన్న బిలాల్ పావెల్ కోసం విసిరాడు. బంతి గాల్లో ఉండాల్సినదానికంటే ఎక్కువసేపు ఉంది. లయన్స్ ఆటగాడు క్వాండ్రే డిగ్స్ ముందుకు దూకి దాన్ని పట్టుకున్నాడు, 37 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. కుర్రాడి తొలి బంతితోనే ఎదుటి జట్టుకు ఆరు పాయింట్లు.

ఈ తప్పు ఎవరిదని అడిగితే రెండో మాట అక్కర్లేదు. కుడికి పరుగెడుతూ ఎడమ చివరకి విసరకూడదన్నది అమెరికాలో హైస్కూలు పిల్లలకే నేర్పే పాఠం. అచ్చంగా డార్నాల్డ్ తప్పే. ఆ రాత్రి మిగతా ఆటంతా బాగా ఆడాడు, జెట్స్ 48-17తో గెలిచింది కూడా. కానీ ఆ తర్వాత ఏళ్ల తరబడి అతని పేరు మీద పడ్డ తప్పులు ఇంత తేలిగ్గా తేలేవి కావు. న్యూయార్క్‌లో మూడేళ్లు ఆడి పనికిరాడనిపించుకున్నాడు. షార్లట్‌లో కరోలినా పాంథర్స్‌తో రెండేళ్లుండి అదే మాట పడ్డాడు. 2024లో మినెసోటా వైకింగ్స్‌తో 14 ఆటలు గెలిచి, ఆఖరి రెండూ ఘోరంగా ఓడి, మళ్లీ "చూశారా, ఇంతే" అనిపించుకున్నాడు. 2026 ఫిబ్రవరి 8న సియాటిల్ సీహాక్స్ క్వార్టర్‌బ్యాక్‌గా లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచాడు. మనిషి అతనే, చెయ్యీ అదే. అలాంటప్పుడు అంతకుముందు విఫలమైంది ఎవరు?

ఆడలేక మద్దెల ఓడు అంటాం. ఆ సామెత ఎప్పుడూ ఆడేవాడి మీదే తీర్పు చెబుతుంది: మద్దెల బాగానే ఉంది, నీకే ఆట రాదు, వంకలు పెట్టకు అని. అమెరికన్ ఫుట్‌బాల్‌లో మాత్రం మద్దెల నిజంగానే పగిలి ఉండే సందర్భాలు చాలా ఎక్కువ. ఒక్కోసారి పగిలిన మద్దెలకు ఆడీ ఆడీ, మంచి మద్దెల దొరికినా అడుగు తప్పే అలవాటు పడుతుంది. క్వార్టర్‌బ్యాక్ బాగా ఆడనప్పుడు జరిగే వాదనలన్నీ ఈ రెండో సంగతిని వదిలేస్తాయి. డార్నాల్డ్ కథలో అసలు చూడాల్సింది అదే.

క్రికెట్ చూసి పెరిగిన కంటికి ఈ ఆటలో తప్పు ఎక్కడుందో వెంటనే అందదు. ఎడిసన్‌లోనో, బెల్‌వ్యూలోనో పిల్లలతో కలిసి ఆదివారాలు ఈ ఆట చూడటం మొదలుపెట్టిన తెలుగు తల్లిదండ్రులకు ఇది అనుభవమే. బ్యాట్స్‌మన్ బౌల్డ్ అయితే బంతికీ బ్యాటుకీ మధ్య మూడో మనిషి లేడు. క్వార్టర్‌బ్యాక్ విసిరే ప్రతి బంతి వెనక మాత్రం పది మంది పని ఉంటుంది. సెంటర్ అనే ఆటగాడు తన కాళ్ల మధ్య నుంచి బంతి వెనక్కి అందిస్తాడు, దాన్నే స్నాప్ అంటారు. అతనితో కలిపి ఐదుగురు భారీ మనుషులు గోడ కడతారు. క్వార్టర్‌బ్యాక్ మూడడుగులో, ఐదో, ఏడో వెనక్కి వేస్తాడు. ఆ అడుగుల లెక్క రిసీవర్ల (బంతి పట్టేవాళ్ల) పరుగుతో ముడిపడి ఉంటుంది. చివరి అడుగు నేల తాకేసరికి మొదటి రిసీవర్ మలుపు తిరగబోతూ ఉండాలి. అతను దొరక్కపోతే చూపు రెండోవాడి మీదికి, అక్కడా లేకపోతే మూడోవాడి మీదికి వెళ్లాలి. ఇదంతా ఇంచుమించు రెండున్నర సెకన్లలో అయిపోవాలి.

తప్పు ఎవరిదో కనిపెట్టాలంటే ఆ రెండున్నర సెకన్లను ముక్కలు చేసి చూడాలి. చివరి అడుగు పడకముందే ఎదుటివాడు మీద పడితే, సాధారణంగా అది లైన్ (ఆ గోడ) తప్పు. అడుగు పడింది, రిసీవర్ ఖాళీగా ఉన్నాడు, అయినా బంతి చేతిలోనే ఉంది, అప్పుడు సాక్ (బంతి విసరకముందే ఎదుటివాళ్లు పడగొట్టడం) అయితే అది క్వార్టర్‌బ్యాక్ తప్పు. పన్నెండు గజాల దగ్గర తిరగాల్సిన రిసీవర్ పది గజాలకే తిరిగితే, క్వార్టర్‌బ్యాక్ సరిగ్గా విసిరినా బంతి ఎదుటివాడి చేతుల్లోకి వెళ్తుంది. అందరూ చెప్పినట్టే చేసినా ఎక్కడా ఎవరూ ఖాళీగా దొరకలేదంటే, ఆ ప్లే (ముందే గీసుకున్న ఎత్తు) రాసిన కోచ్‌ని అడగాలి.

ఇక్కడితో అయిపోదు, అసలు చిక్కు స్నాప్‌కి ముందే ఉంది. ఎదుటి జట్టు ఎంతమందిని మీదికి పంపబోతోందో చూసి, మన గోడ ఎటువైపు జరగాలో సెంటర్, క్వార్టర్‌బ్యాక్ కలిసి కేకలతో, సైగలతో చెబుతారు. అక్కడ పొరపాటు జరిగితే ఒక మనిషిని అడ్డుకోవడానికి ఎవరూ మిగలరు. టీవీలో చూసేవాళ్లకు లైన్‌లో ఎవరో నిద్రపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి ఆ సాక్ స్నాప్‌కి ముందే, క్వార్టర్‌బ్యాక్ నోటి దగ్గరే జరిగిపోయి ఉండొచ్చు. బయట కూర్చున్నవాళ్లకు ఎవరికి ఏ పని అప్పగించారో తెలియదు కాబట్టి, సగం వాదనలు గాల్లోనే నడుస్తాయి.

లెక్కల పుస్తకంలో మాత్రం ఈ పదకొండు మంది పనీ ఒక్కడి పేరు మీదే ఎక్కుతుంది. రిసీవర్ చేతుల్లోంచి జారి ఎగిరిన బంతిని ఎదుటివాడు పట్టుకున్నా ఇంటర్‌సెప్షన్ క్వార్టర్‌బ్యాక్ ఖాతాలోనే. గోడ కూలి సాక్ అయినా అతని ఖాతాలోనే. 1973 నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్ వాడుతున్న పాసర్ రేటింగ్ నాలుగు సంగతులు కలిపి తీసే అంకె: ఎన్ని బంతులు చేరాయి, ఎన్ని గజాలు వచ్చాయి, ఎన్ని టచ్‌డౌన్లు, ఎన్ని ఇంటర్‌సెప్షన్లు. అత్యధికం 158.3. సాక్‌లు అందులోకి రానే రావు, మనిషి మీద పడ్డ ఒత్తిడీ రాదు. ఇంకో చిత్రం, ప్రతి బంతినీ ఎవరికీ అందకుండా నేలకు కొట్టి ఇంటికెళ్లిపోయినా రేటింగ్ 39.6 వస్తుంది.

2019 అక్టోబరు 21న డార్నాల్డ్ రేటింగ్ 3.6.

ఆ రాత్రి ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లోని మెట్‌లైఫ్ స్టేడియంలో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ చేతిలో జెట్స్ 33-0తో ఓడింది. డార్నాల్డ్ 32 బంతులు విసిరితే 11 చేరాయి. మొత్తం 86 గజాలు, నాలుగు ఇంటర్‌సెప్షన్లు. పేట్రియట్స్ ఆడిన తీరు మొండిగా ఉంది: రిసీవర్ల వెనక కాపలా ఎవరినీ మిగల్చకుండా, గోడ ఆపగలిగేవాళ్లకంటే ఒక మనిషిని ఎక్కువే మీదికి పంపడం. ఆ అదనపు మనిషి ఎటునుంచి వస్తాడో తెలియదు. అలాంటప్పుడు జట్టుకు ముందే ఒక జవాబు ఉండాలి, అంటే ఎవరో ఒకరు దగ్గర్లో వెంటనే తిరగాలి, బంతి రెండు సెకన్లలోపే చేయి దాటాలి. జెట్స్ దగ్గర ఆ జవాబు కనబడలేదు. డార్నాల్డ్ వెనక్కి వెనక్కి జరుగుతూ, కాళ్లు నేల మీద ఆనకుండానే, గాల్లోకి విసిరేశాడు. మధ్యలో బెంచీ మీద కూర్చుని ఉన్నప్పుడు, తనకు దయ్యాలు కనిపిస్తున్నాయని అన్నాడు. చొక్కాకి టీవీ వాళ్ల మైకు ఉంది. ఆ మాట దేశమంతా వినబడింది.

లేని మనిషి వస్తున్నట్టు అనిపించడం ఈ ఆటలో పాత రోగమే. పదేపదే దెబ్బలు తిన్నవాడి చూపు దూరంగా ఉన్న రిసీవర్ల మీది నుంచి దగ్గరున్న శత్రువుల మీదికి దిగిపోతుంది. డార్నాల్డ్ చేసిన పొరపాటల్లా నిజాన్ని మైకు ముందు చెప్పడమే. ఆ ఒక్క మాటని అతని మీద ఏళ్ల తరబడి వాడుకోవడం అన్యాయం. ఎందుకంటే సరిగ్గా ఎనిమిది రోజుల ముందు, అక్టోబరు 13న, మోనో జ్వరంతో మూడు ఆటలు దూరమై తిరిగొచ్చిన ఇదే కుర్రాడు డాలస్ కౌబాయ్స్ మీద 338 గజాలు విసిరాడు. రాబీ ఆండర్సన్‌కి 92 గజాల టచ్‌డౌన్ బంతి అందించి 24-22తో గెలిపించాడు. ఆ వారం లీగ్ రెండు విభాగాల్లో ఒకటైన ఏఎఫ్‌సీలో ఉత్తమ అఫెన్సివ్ (బంతి తమ చేతిలో ఉన్నప్పుడు ఆడే) ఆటగాడి గౌరవం అతనికే దక్కింది. ఎనిమిది రోజుల్లో చెయ్యి మారదు. మారింది ఎదురున్నవాళ్లు, వాళ్లకి జవాబు చెప్పలేకపోయిన ఏర్పాటు.

ఆ ఏర్పాటు ఎలా ఉండేదో కాస్త లోపలికి వెళ్లి చూడాలి. 2018 డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, మూడో స్థానంలో డార్నాల్డ్‌ని తీసుకోవడానికి జెట్స్ యాజమాన్యం ఇండియానాపొలిస్ కోల్ట్స్‌కి తన మొదటి రౌండు అవకాశంతో పాటు మూడు రెండో రౌండు అవకాశాలు ఇచ్చేసింది. గోడ కట్టే మనుషుల్ని, బంతి పట్టే మనుషుల్ని తెచ్చుకోవాల్సింది ఆ అవకాశాలతోనే. అంటే కుర్రాడి కోసం చెల్లించిన ధరలోనే అతని చుట్టూ ఉండాల్సిన జట్టు కొంత కరిగిపోయింది. మొదటి ఏడాది కాగానే కోచ్ టాడ్ బౌల్స్‌ని తీసేశారు. 2019 జనవరిలో ఆడమ్ గేస్ వచ్చాడు. ఆ ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ నడిపించిన జనరల్ మేనేజర్ మైక్ మకాగ్నన్‌ని, డ్రాఫ్ట్ అయిపోయాక మే నెలలో పంపించేశారు. ఆటగాళ్లందరినీ ఎంచుకునేదాకా ఉంచి, ఎంపిక అయ్యాక మనిషిని మార్చడం ఏ పద్ధతో అర్థం కాదు. సెంటర్ లేక, ఆట మానేసి ఇంట్లో ఉన్న రయాన్ కాలిల్‌ని ఆగస్టులో ఒప్పించి తెచ్చారు. దయ్యాలు కనిపించిన కుర్రాడి ముందున్న గోడ ఇలా కట్టినది.

గేస్ విషయం ఇంకా ఆసక్తికరం. 2013లో డెన్వర్ బ్రాంకోస్ 606 పాయింట్లు చేసి, పేటన్ మానింగ్ 55 టచ్‌డౌన్లు విసిరిన ఏడాది అక్కడ అఫెన్స్ నడిపించింది ఇతనే. ఆ పేరుతోనే కొలువులు వచ్చాయి. తర్వాత మయామీలో రయాన్ టానెహిల్ ఇతని దగ్గర ఆడి సాధారణ ఆటగాడిగా మిగిలాడు. 2019లో టెనెసీ టైటన్స్‌కి వెళ్లాడు, ఆ ఏడాదే 117.5 రేటింగ్‌తో లీగ్ మొత్తంలో మొదటి స్థానంలో నిలిచాడు. మానింగ్ లాంటివాడు చేతిలో ఉంటే కోచ్ గొప్పవాడైపోతాడు, కోచ్ వల్ల ఆటగాడు వెనకబడినా ఆటగాడే చెడ్డవాడైపోతాడు. 2020లో జెట్స్ 2-14తో (రెండు గెలుపులు, 14 ఓటములు) ముగించింది. డార్నాల్డ్ 9 టచ్‌డౌన్లు, 11 ఇంటర్‌సెప్షన్లు. గేస్‌ని తీసేశారు, డార్నాల్డ్‌ని అమ్మేశారు. ఇద్దరికీ ఒకే శిక్ష.

నిందని విడదీసి చూడటానికి ఉన్న దారుల్లో మంచిది పోల్చి చూడటం. ఒకే మనిషిని వేర్వేరు జట్లలో చూడాలి, ఒకే జట్టులో వేర్వేరు మనుషుల్ని చూడాలి. 2018 డ్రాఫ్ట్ ఇందుకు దొరికిన అరుదైన అవకాశం. మొదటి రౌండులో ఐదుగురు క్వార్టర్‌బ్యాక్‌లు: బేకర్ మేఫీల్డ్ ఒకటో స్థానం, డార్నాల్డ్ మూడు, జాష్ ఆలెన్ ఏడు, జాష్ రోజెన్ పది, లామార్ జాక్సన్ ముప్పై రెండు. ఆలెన్ మొదటి ఏడాది విసిరినవాటిలో 52.8 శాతమే చేరాయి. బఫలో బిల్స్ కంగారుపడలేదు. అదే హెడ్ కోచ్, అదే కోఆర్డినేటర్ (అఫెన్స్ నడిపించే కోచ్) బ్రయన్ డబోల్. గోడ బాగుచేసుకుంది, 2020లో స్టెఫాన్ డిగ్స్‌ని తెచ్చింది. ఆ ఏడాది ఆలెన్ శాతం 69.2. జాక్సన్ కోసం బాల్టిమోర్ తన ఆట తీరునే మార్చుకుంది, రెండో ఏడాదే అతను ఎంవీపీ, అంటే లీగ్‌లో ఉత్తమ ఆటగాడు. రోజెన్‌కి అరిజోనాలో మొదటి ఏడాది మధ్యలో కోఆర్డినేటర్ పోయాడు, ఏడాది చివర కోచ్ పోయాడు, మరుసటి ఏప్రిల్‌లో ఒకటో స్థానంలో ఇంకో క్వార్టర్‌బ్యాక్‌నే తెచ్చుకున్నారు. రోజెన్ మళ్లీ లేవలేదు. అతనిలో ఆట ఉందా లేదా అన్నది ఇక ఎప్పటికీ తేలదు, పరీక్ష పెట్టకుండానే పేపరు లాగేసుకున్నారు.

ఇంకోవైపు నుంచి చూస్తే జెట్స్. 2009లో ఐదో స్థానంలో మార్క్ సాంచెజ్, 2013 రెండో రౌండులో జీనో స్మిత్, 2018లో డార్నాల్డ్, 2021లో రెండో స్థానంలో జాక్ విల్సన్. 2010 సీజన్ తర్వాత ఆ జట్టు ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. జీనో స్మిత్ ఎన్నో ఏళ్లు బెంచీ మీద గడిపి, 2022లో సియాటిల్‌లో ప్రో బౌల్ (లీగ్ మేటి ఆటగాళ్ల ఆట) ఆటగాడయ్యాడు. 2025 మార్చిలో సియాటిల్ అతన్ని లాస్ వేగస్ రెయిడర్స్‌కి పంపి, ఆ స్థానంలోకి తెచ్చుకున్నది డార్నాల్డ్‌ని. జెట్స్ వదిలేసిన ఒకరి కుర్చీలో జెట్స్ వదిలేసిన ఇంకొకరు. ఇంతమంది ఒకే వేదిక మీద అడుగు తప్పితే, దిగిపోయాక ఇద్దరు బాగా ఆడితే, ఒకసారి మద్దెల తిప్పి చూసుకోవాలి.

అలాగని డార్నాల్డ్‌ని పూర్తిగా విడిచిపెట్టడమూ నిజం కాదు. అతనికి బంతి పోగొట్టుకునే గుణం జెట్స్ నేర్పింది కాదు. యూఎస్‌సీలో ఆడిన చివరి ఏడాది, 2017లోనే 13 ఇంటర్‌సెప్షన్లు ఉన్నాయి, ఫంబుల్స్ (చేతిలోంచి బంతి జారిపోవడం) కూడా ఎక్కువే. డ్రాఫ్ట్‌కి ముందే పరిశీలకులందరూ దీన్ని రాసిపెట్టుకున్నారు. డెట్రాయిట్‌లో విసిరిన ఆ తొలి బంతి కూడా కొత్తది కాదు, కాలేజీలో ఎన్నోసార్లు పనిచేసిన సాహసమే. వచ్చిన గుణాన్ని దిద్దాల్సిన వయసులో దిద్దే మనిషి దొరకలేదు, పైగా మూడో కోచ్ దగ్గరికి చేరకముందే దెబ్బలు తినడం అలవాటైపోయింది. ఇక్కడే జట్టు తప్పు, ఆటగాడి తప్పు అన్న గీత చెరిగిపోతుంది. మూడేళ్లు గోడ కూలుతూ ఉంటే కాళ్లు ఆగడం మానేస్తాయి. కూలని రోజున కూడా ఆగవు. చూపు కిందికి దిగిపోతుంది. మొదట్లో జట్టు చేసిన పాపం మెల్లగా ఆటగాడి ఒంట్లోకి ఇంకుతుంది. ఆ తర్వాత ఎవరు వీడియో చూసినా కనిపించేది ఆటగాడి తప్పే, అది నిజంగా అతని తప్పే కూడా. అందుకే నాలుగో ఏట చూసి తీర్పు చెప్పేవాళ్లు, నిందని అరవై శాతం వాడిది, నలభై శాతం వీళ్లది అని పంచేవాళ్లు, ఆ గుణం ఎప్పుడు ఎలా పుట్టిందన్నది వదిలేస్తారు.

కరోలినా ముచ్చట క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 2021లో మూడు ఆటలు వరసగా గెలిచి మొదలుపెట్టాడు, ఏడాది ముగిసేసరికి 9 టచ్‌డౌన్లు, 13 ఇంటర్‌సెప్షన్లు. కోఆర్డినేటర్‌ని డిసెంబరులో, హెడ్ కోచ్‌ని మరుసటి అక్టోబరులో తీసేశారు. 2022లో అదే జట్టులో అతనితో పోటీపడ్డది బేకర్ మేఫీల్డ్. ఒకటో స్థానం మనిషి, మూడో స్థానం మనిషి, ఇద్దరూ ఒకే గదిలో, ఇద్దరూ పనికిరానివాళ్లుగా. తర్వాత రెండేళ్లలో మేఫీల్డ్ టాంపాలో, డార్నాల్డ్ మినెసోటాలో తమ జట్లను ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్లారు.

2023లో డార్నాల్డ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రాక్ పర్డీకి ప్రత్యామ్నాయంగా ఉన్నాడు. ఆడింది తక్కువ, నేర్చుకున్నది ఎక్కువ. అక్కడి కోచ్ కైల్ షానహన్ పద్ధతిలో కాళ్లే గడియారం. అడుగు పడింది, మొదటివాడు లేడు, చిన్న గెంతు, రెండోవాడు. కంటికి తోచినట్టు కాకుండా అడుగు చెప్పినట్టు విసరడం. ఆ తర్వాత మినెసోటా ఏడాదికి కోటి డాలర్లకు తీసుకుంది. కొత్తగా డ్రాఫ్ట్ చేసిన జె.జె. మెకార్తీ సిద్ధమయ్యేదాకా ఉంటాడన్నది లెక్క, కానీ మెకార్తీకి ఆగస్టులోనే మోకాలి మెనిస్కస్ చిరిగింది. కోచ్ కెవిన్ ఓకానెల్ ఒకప్పుడు తనే క్వార్టర్‌బ్యాక్. కుర్రాళ్లు సంస్థల్ని ముంచేలోపే సంస్థలే కుర్రాళ్లని ముంచుతాయన్న అర్థం వచ్చే మాట ఆ సీజన్‌లో అన్నాడు. జస్టిన్ జెఫర్సన్, జోర్డన్ ఆడిసన్ లాంటి రిసీవర్లు. డార్నాల్డ్ 4,319 గజాలు, 35 టచ్‌డౌన్లు, 12 ఇంటర్‌సెప్షన్లు. జట్టు 14-3.

ఆ మూడు ఓటముల్లో చివరిది, దాని తర్వాతి ప్లేఆఫ్ ఆట, వాదనంతటినీ మళ్లీ తెరిచాయి. డెట్రాయిట్‌లో ప్లేఆఫ్స్ మొదటి సీడ్ (అగ్రస్థానం) కోసం జరిగిన ఆటలో 41కి 18 మాత్రమే చేరాయి, 31-9తో ఓటమి. ఖాళీగా నిలబడ్డ రిసీవర్ల తలల మీదుగా బంతులు పోయాయి. ఆ ఆటకు పెద్ద భాగం డార్నాల్డే బాధ్యుడు, గోడ మీదికి నెట్టడానికి వీల్లేదు. వారం తర్వాత, 2025 జనవరి 13న, లాస్ ఏంజెలెస్ మంటల వల్ల అరిజోనాకి మార్చిన ఆటలో ర్యామ్స్ అతన్ని తొమ్మిది సార్లు సాక్ చేసింది. ప్లేఆఫ్స్ చరిత్రలో అంతకుమించి ఎవరూ చేయలేదు. ఒకసారి ర్యామ్స్ ఆటగాడు అకెల్లో విదర్‌స్పూన్ వచ్చి బంతి ఊడగొడితే అతని జట్టువాడు జేరెడ్ వర్స్ దాన్ని 57 గజాలు తీసుకెళ్లాడు. 27-9తో మళ్లీ ఓటమి.

ఆ తొమ్మిదీ ఎవరి ఖాతాలో వేయాలి? ఎడమ టాకిల్ (గోడ ఎడమ చివర నిలబడేవాడు) క్రిస్టియన్ డారిసా అక్టోబరులోనే మోకాలు దెబ్బతిని వెళ్లిపోయాడు. గోడ మధ్యభాగం ఏడాదంతా బలహీనంగానే ఉంది. అయినా వీడియోలో కొన్ని చోట్ల డార్నాల్డ్ అడుగు పడ్డాక కూడా బంతి పట్టుకుని, ఇంకా దూరంలో ఏదో తెరుచుకుంటుందేమోనని ఎదురుచూడటం కనబడుతుంది. గోడ కూలడం, ఇతను ఆగిపోవడం రెండూ ఒకే ప్లేలో జరిగినవి ఉన్నాయి. ఈ విషయంలో వైకింగ్స్ ఏమనుకుందో తెలుసుకోవడానికి విలేఖరుల సమావేశాలు అక్కర్లేదు, 2025 మార్చి, ఏప్రిల్ ఖర్చు చూస్తే చాలు. మార్చిలో డార్నాల్డ్‌ని వెళ్లనిచ్చింది. అదే నెలలో కోల్ట్స్ నుంచి సెంటర్ రయాన్ కెలీనీ, గార్డ్ (సెంటర్ పక్కన నిలబడేవాడు) విల్ ఫ్రైస్‌నీ కొనుక్కుంది. ఏప్రిల్‌లో మొదటి రౌండులో గార్డ్ డోనవన్ జాక్సన్‌ని తీసుకుంది. శిక్ష క్వార్టర్‌బ్యాక్‌కి పడింది, మరమ్మతు మాత్రం గోడకి జరిగింది. ఆ కొత్త గోడ వెనక ఎక్కువ ఆటలు ఆడింది మెకార్తీ, 2025లో జట్టు 9-8తో ప్లేఆఫ్స్‌కి దూరమైంది.

సియాటిల్ మూడేళ్లకు 10 కోట్ల 5 లక్షల డాలర్లకు డార్నాల్డ్‌తో ఒప్పందం చేసుకుంది. తెలివైన పని అదొక్కటే కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2023లో అతనితో పనిచేసిన క్లింట్ కుబియాక్‌ని కోఆర్డినేటర్‌గా తెచ్చింది, మొదటి రౌండులో గార్డ్ గ్రే జేబల్‌ని తీసుకుంది. పాఠం, మాస్టారు, బడి గోడ మూడూ ఒకేసారి సమకూరాయి. అయినా పాత గుణం పూర్తిగా పోలేదు. నవంబరు 16న అదే ర్యామ్స్ మీద నాలుగు ఇంటర్‌సెప్షన్లు, 21-19 ఓటమి. దయ్యాల మాట మళ్లీ అందరి నోటా వినబడింది. జట్టు డిఫెన్స్ ఆటగాడు ఎర్నెస్ట్ జోన్స్ విలేఖరుల ముందు గట్టిగా అతన్ని వెనకేసుకొచ్చాడు. ఈ అండ న్యూయార్క్‌లో ఉన్న 22 ఏళ్లప్పుడు దొరికి ఉంటే ఏమయ్యేదో అనిపించకమానదు. జనవరిలో లీగ్ రెండో విభాగమైన ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్లో మళ్లీ ర్యామ్స్ ఎదురైతే 346 గజాలు, మూడు టచ్‌డౌన్లు, ఒక్క ఇంటర్‌సెప్షనూ లేదు, 31-27 గెలుపు.

సూపర్ బౌల్లో ఎదురైంది పేట్రియట్స్. దయ్యాలు చూపించిన జట్టే. సియాటిల్ 29-13తో గెలిచింది. అక్కడ ఆగి ఇంకో మాట కూడా చెప్పుకోవాలి: ఆ రాత్రి డార్నాల్డ్ 202 గజాలు, ఒక్క టచ్‌డౌన్. గొప్ప అంకెలేమీ కావు. గెలిపించింది ఎక్కువగా ఆ ఏడాది లీగ్‌లో అందరికంటే తక్కువ పాయింట్లు ఇచ్చిన డిఫెన్స్, కెనెత్ వాకర్ పరుగు, జేసన్ మైయర్స్ ఐదు ఫీల్డ్ గోల్స్ (బంతిని స్తంభాల మధ్యకు తన్నడం). డార్నాల్డ్ చేసిన పెద్ద పని బంతి పోగొట్టకపోవడం, ఏమీ లేనప్పుడు దాన్ని బయటికి విసిరేసి తర్వాతి ప్లేకి వెళ్లడం. డెట్రాయిట్‌లో తొలి బంతికి చేయలేనిది అదే. ఓడినప్పుడు పదకొండు మంది తప్పు ఒక్కడి మీద వేసే అలవాటే, గెలిచినప్పుడు అందరి పనీ ఒక్కడికి కట్టబెడుతుంది. అతని గెలుపుతో జెట్స్ రోజుల నింద అంతా కొట్టుకుపోయిందనడం కూడా ఆ పొరపాటే.

ఆ రాత్రి అవతలి బెంచీ మీద 23 ఏళ్ల డ్రేక్ మే కూర్చుని ఉన్నాడు. సీజన్ అంతా విసిరినవాటిలో 72 శాతం చేర్చిన కుర్రాడు, ఎంవీపీ పోటీలో రెండో స్థానం. ఫైనల్లో ఆరు సాక్‌లు, ప్లేఆఫ్స్ మొత్తం మీద 21. మరుసటి రోజు నుంచి న్యూ ఇంగ్లండ్‌లో వాదన మొదలైంది: ఎడమ టాకిల్‌గా ఆడిన కొత్త కుర్రాడు విల్ క్యాంబెల్ ఆపలేకపోయాడా, మే బంతి పట్టుకుని కూర్చున్నాడా, కోచ్‌లు ఎడమవైపుకి ఇంకో మనిషిని సాయం పంపాల్సిందా. మూడింటికీ వీడియోలో సాక్ష్యాలు దొరుకుతాయి. ఇరవై ఒక్కసార్లు కిందపడ్డ ఆ కుర్రాడి కాళ్లు వచ్చే సెప్టెంబరులో చివరి అడుగు వేశాక నిలకడగా ఆనతాయా లేదా అన్నది అక్కడివాళ్లు ఇప్పుడే కనిపెట్టుకుని చూడాల్సిన సంగతి.